చెత్తను ఎత్తే చట్టం, చెత్తను తగ్గించే చట్టం



ఈ పూట మనం మాట్లాడుకునేది చెత్త గురించి. వినడానికి అంత ఇంపైన సంగతి కాదు. అయినా ఊళ్లో జనం సర్పంచ్‌ను నిలదీసేది, పట్టణంలో కౌన్సిలర్ ఇంటికి వెళ్లి గొడవ పెట్టుకునేది చాలాసార్లు దీని కోసమే. చెత్త సంగతిని గట్టిగా పట్టించుకున్న చట్టాలు మన తెలంగాణ రాష్ట్రంలో రెండు వచ్చాయి. ఒకటి 2018లో పల్లెలకు, ఇంకొకటి 2019లో పట్టణాలకు. ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ చట్టాలు ఏం సాధించాయి, ఎక్కడ ఆగిపోయాయి, ఇంకా ఏం చేయాలి అన్నది ఈ ప్రసంగంలో చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. మన పెద్దల కాలంలో ప్రతి ఇంటి వెనక ఒక పెంటకుప్ప ఉండేది. ఊడ్చిన చెత్త, పశువుల పేడ, పొయ్యిలో బూడిద, బర్రెలు మేయగా మిగిలిన గడ్డి అన్నీ అందులోకే పోయేవి. ఎండకాలం రాగానే దాన్ని బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలో పడేవి. విరిగిన ఇనుము, పగిలిన బిందె ఉంటే ఉల్లిగడ్డలు తూచి ఇచ్చి తీసుకుపోయే మనిషి వీధిలోకే వచ్చేవాడు. ఊరవతల పారేయడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అలాగని అప్పుడంతా శుభ్రంగా ఉండేదనీ చెప్పలేం. పెంటకుప్పల చుట్టూ దోమలు, వానాకాలం వస్తే మలేరియా, అతిసారం. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో ఆ జ్వరాల బాధ ఎంతటిదో ఆ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

తరువాత రెండు మార్పులు కలిసి వచ్చాయి. పశువులు తగ్గాయి, పెంట ఎరువు బదులు యూరియా బస్తా వచ్చింది. దాంతో పెంటకుప్పకు పొలంతో ఉన్న సంబంధం తెగిపోయింది. అదే సమయంలో కిరాణా దుకాణంలో ప్రతిదీ ప్లాస్టిక్‌లోకి మారింది. షాంపూ ప్యాకెట్, పాల ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్, కూరగాయల కవర్, నీళ్ల సీసా, చంటిపిల్లల డైపర్. ఇవి పెంటలో మురగవు, బర్రె తినకూడదు, పాత సామాన్ల బండివాడు వీటిలో చాలావాటిని తీసుకోడు. ఎవరికీ అక్కరలేని ఈ సరుకంతా మోరీల్లో, చెరువు కట్టల కింద, ఊరి బయట రోడ్డు పక్కన పేరుకుపోయింది. ఆ పరిస్థితిలో వచ్చింది తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం.

2018 మార్చిలో శాసనసభ ఆమోదించిన ఈ చట్టం ఏప్రిల్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నడిచింది 1994 నాటి చట్టం. దాని ప్రకారమూ పారిశుధ్యం పంచాయతీ పనే. అయితే ఆ పని ఎవరు చేయాలి, చేయకపోతే ఎవరిని అడగాలి అన్నది అంత గట్టిగా లేదు. కొత్త చట్టం పేరుపెట్టి చెప్పింది. సర్పంచ్ బాధ్యత ఇది, పంచాయతీ కార్యదర్శి బాధ్యత ఇది, నిర్లక్ష్యం చేస్తే కలెక్టర్ చర్య తీసుకోవచ్చు అని రాసింది. వీధిలో చెత్త పడేసేవాళ్లకు జరిమానా వేసే అధికారం పంచాయతీకి ఇచ్చింది. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటింది. ఉట్నూరు, జైనూరు, నార్నూరు వైపు ఎంతో దూరంలో ఉన్న పెద్ద ఊరి పంచాయతీ మీద ఆధారపడిన గూడేలకు తమ సర్పంచ్, తమ కార్యదర్శి వచ్చారు.

ఈ చట్టంలో చాలామందికి తెలియని ఒక ఏర్పాటు ఉంది. ప్రతి పంచాయతీలో నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలి. పారిశుధ్యం, డంపింగ్ యార్డు, శ్మశానం చూసేది ఒకటి. వీధి దీపాలకు ఒకటి. మొక్కలకు, పచ్చదనానికి ఒకటి. పనులకు, అంగళ్లకు ఒకటి. వీటిలో వార్డు సభ్యులతో పాటు ఊళ్లోని మహిళలను, యువకులను, పదవీ విరమణ చేసిన ఉద్యోగులను చేర్చుకోవచ్చు. రెండు నెలలకొకసారి గ్రామసభ తప్పకుండా పెట్టాలని కూడా చట్టం చెబుతుంది. అంటే అడిగే హక్కు మీకుంది, అడగడానికి వేదికా ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ప్రసంగం చివర మళ్లీ దీనితో పని పడుతుంది.

చట్టం రాసినంత మాత్రాన చెత్త కదలదు కదా. దాన్ని కదిలించింది 2019 సెప్టెంబర్ 6న మొదలైన ముప్పై రోజుల ప్రణాళిక. తరువాత అదే పల్లె ప్రగతి అయింది. పంచాయతీలకు నెలనెలా నిధులు విడుదల చేశారు. పంచాయతీకొక ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొన్నారు. ఊరి బయట డంపింగ్ షెడ్డు, ఎరువు తయారుచేసే గుంతలు, వైకుంఠధామం, నర్సరీ వచ్చాయి. 500 మంది జనాభాకు ఒకరు చొప్పున పనివాళ్లను పెట్టుకోమన్నారు. వాళ్ల వేతనం మొదట నెలకు 8,500 రూపాయలు, తరువాత 9,500 రూపాయలు. పట్టణాల్లో ఇలాంటి కార్యక్రమమే పట్టణ ప్రగతి పేరుతో 2020 ఫిబ్రవరి 24న మొదలైంది.

ఫలితం కనపడింది. 2019లో కేంద్రం నిర్వహించిన స్వచ్ఛ సర్వేక్షణ్ గ్రామీణ్‌లో దేశంలోని జిల్లాలన్నింటిలో మొదటి స్థానం పెద్దపల్లికి వచ్చింది. 2022లో జగిత్యాల రెండో స్థానంలో నిలిచింది. ఈ రెండూ 2016 అక్టోబర్ దాకా ఉమ్మడి కరీంనగర్‌లో భాగమే. సిరిసిల్ల పట్టణం పొడిచెత్తను వేరుచేసి అమ్మే కేంద్రం పెట్టి, ఆ పనిలో మహిళా సంఘాలను భాగం చేసి పేరు తెచ్చుకుంది.

ఆదిలాబాద్ వైపు వెళితే ఇచ్చోడ మండలంలో ముఖ్రా కె అనే చిన్న ఊరు ఉంది. గాడ్గె మీనాక్షి గారు అక్కడ సర్పంచ్‌గా ఉన్న కాలంలో ఆ ఊరు ఇళ్ల నుంచి వచ్చే తడిచెత్తతో వానపాముల ఎరువు తయారుచేసి అమ్మింది. లక్షల్లో ఆదాయం వచ్చింది. ఆ డబ్బులోంచి సౌర ఫలకాలు కొని ఊరి అవసరాలకు కరెంటు తయారు చేసుకుంది. ఇందులో మనకు గుణపాఠం ఏమిటి? ముఖ్రా కె కు మిగతా ఊళ్లకంటే వేరే చట్టం లేదు, వేరే ట్రాక్టర్ లేదు. అక్కడి ఆడవాళ్లు ఇంట్లోనే తడిచెత్తను, పొడిచెత్తను వేరు చేసి ఇచ్చారు. ఎరువుల గుంతలోకి కవర్లు, సీసాలు పోలేదు. అందుకే ఎరువు ఎరువుగా వచ్చింది, రైతు డబ్బిచ్చి కొన్నాడు. కవర్ ముక్కలు కలిసిన ఎరువును ఏ రైతూ తన చేనులో చల్లుకోడు.

ఇక పట్టణాల సంగతి. 2019 జూలైలో శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై తెలంగాణ పురపాలక చట్టాన్ని ఆమోదించింది. హైదరాబాద్ మహానగరం తప్ప మిగతా పురపాలికలు, నగర పాలక సంస్థలు అన్నీ దీని కిందికి వస్తాయి. అంటే కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల అన్నీ. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, ప్రతి వార్డులో మహిళలకు, యువకులకు, వయోవృద్ధులకు, ఊరి ప్రముఖులకు వేర్వేరు కమిటీలు ఉండాలని ఇందులో ఉంది. ఒక్కో కమిటీలో 15 మంది. లెక్క ప్రకారం వార్డుకు 60 మంది పౌరులు పట్టణ పాలనలో చేయి వేయాలి. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మీకు తెలుసా? తెలియకపోతే తప్పు మీ ఒక్కరిదే కాదు. చాలాచోట్ల ఆ కమిటీలు కాగితం మీదే ఉండిపోయాయి.

కరీంనగర్‌నే చూడండి. 2005లో నగర పాలక సంస్థ అయింది. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. మరి నగరం చెత్త ఎక్కడికి పోతుంది? ఆటోనగర్ దగ్గర, మానేరు ఒడ్డున ఉన్న డంపింగ్ యార్డుకు. దశాబ్దాల చెత్త అక్కడ గుట్టలు పడింది. తడిచెత్త, పొడిచెత్త కలిపి కుప్ప పోస్తే లోపల గాలి ఆడక మీథేన్ వాయువు పుడుతుంది. అది నిప్పంటుకునే వాయువు. ఎండకాలంలో యార్డు అంటుకుంటే రోజుల తరబడి పొగ. చుట్టుపక్కల కాలనీల్లో కిటికీలు మూసుకుని పడుకోవాల్సి వస్తుంది. స్మార్ట్ సిటీ నిధులతో బయోమైనింగ్ మొదలుపెట్టారు. అంటే పాత గుట్టను తవ్వి, పెద్ద జల్లెడ యంత్రాల్లో ఆడించి, మట్టిని వేరుగా, రాళ్లను వేరుగా, కాలే ప్లాస్టిక్‌ను వేరుగా తీయడం. ఆ ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు పనికొస్తుంది. పని మంచిదే. కానీ అనుకున్న గడువులో పూర్తి కాలేదు. పైగా ఒక పక్క పాత గుట్టను తవ్వుతుంటే ఇంకో పక్క రోజూ కొత్త లారీలు వచ్చి కుమ్మరిస్తూనే ఉంటాయి. ఇంట్లో వేరుచేయని చెత్తను కోట్లు పెట్టి యార్డులో వేరుచేస్తున్నాం. ఆ ఖర్చు కట్టేది మనమే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంకో బాధ మిగులుతుంది. మనం వేరు చేయనిది మన తరువాత ఇంకెవరో చేత్తో వేరు చేస్తారు. చెత్త బండి మీద నిలబడ్డ సఫాయి కార్మికురాలు మన ఇంటి బుట్టను తలకిందులు చేసి, అన్నం మెతుకుల్లోంచి గాజు పెంకును, వాడిన ప్యాడ్‌ను, డైపర్‌ను ఏరుతుంది. చేతికి గ్లౌజులు ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా దళిత కులాల వాళ్లే. బుట్టలు రెండు పెట్టుకోవడం మనకు అర నిమిషం పని. ఆ అర నిమిషం మనం మిగుల్చుకుంటే ఇంకొకరి చేయి కోసుకుపోతుంది.

చట్టం ఉండి, ట్రాక్టర్ ఉండి కూడా పని ఆగిపోయిన కాలం ఒకటి మనం చూశాం. 2024 జనవరి ఆఖరుతో సర్పంచ్‌ల పదవీకాలం ముగిసింది. ఎన్నికలు వెంటనే జరగలేదు. ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్రం నుంచి రావాల్సిన 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ఆ నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే ఖర్చు పెట్టాలన్న షరతు ఉండేది. అవి రాకపోయేసరికి ట్రాక్టర్‌కు డీజిల్ కరువైంది, కార్మికుల జీతాలు నెలలు నెలలు ఆలస్యమయ్యాయి. కార్యదర్శులు తమ జేబులోంచి డీజిల్ పోయించారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. చివరికి 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచ్‌లు వచ్చారు. చెత్త ఎత్తడం అనేది ప్రతిరోజూ డబ్బు అడిగే పని అని ఆ రెండేళ్లు రుజువు చేశాయి. ఎంత ఎక్కువ చెత్త పుడితే అంత ఎక్కువ డీజిల్, అంత ఎక్కువ కూలి, అంత ఎక్కువ స్థలం.

ఇక్కడే అసలు మాట చెప్పాలి. ఈ రెండు చట్టాలూ చెత్తను ఎత్తడం బాగా నేర్పాయి. పుట్టకుండా చూడటం మాత్రం నేర్పలేదు. ర్యాంకు ఇచ్చేవాళ్లు రోడ్డు శుభ్రంగా ఉందా, షెడ్డు కట్టారా, బండి తిరుగుతోందా అని చూస్తారు. కిందటేటికంటే ఈ ఏడు ఊరి చెత్త తగ్గిందా అని లోతుగా అడిగేవాళ్లు లేరు. తగ్గించడం అనే పనిని ఇప్పటిదాకా మన మంచితనానికి వదిలేశారు. గోడల మీద నినాదాలు రాశారు, బడిపిల్లలతో ర్యాలీలు తీయించారు. ఎత్తడానికి చట్టం పెట్టి, తగ్గించడానికి నినాదం పెడితే ఏది గెలుస్తుందో తెలిసిందే.

కేంద్రం చేసిన నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతటా నిషేధించారు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్, మిఠాయి డబ్బాలకు చుట్టే సన్నపొర, 100 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న బ్యానర్లు అందులో ఉన్నాయి. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న క్యారీ కవర్లు కూడా చెల్లవు. ఇప్పుడు మీ ఊరి అంగడికి వెళ్లి చూడండి. గాలికి ఎగిరిపోయే పలచటి కవర్లలోనే టమాటాలు వేసి ఇస్తున్నారు. చౌరస్తాలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మందం ఎవరూ కొలిచిన పాపాన పోలేదు. శిక్ష సంగతీ తెలుసుకోవాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇదివరకు జైలు శిక్ష కూడా ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి జైలు పోయి జరిమానా మిగిలింది.

2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఇంకో మంచి మాట చెప్పాయి. లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనం కూడే కార్యక్రమం పెట్టుకుంటే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలి, అక్కడి చెత్తను వేరుచేసి అప్పగించాలి. వంద మంది అంటే మన దగ్గర నిశ్చితార్థానికే వస్తారు. ఈ నిబంధన సంగతి ఎంతమందికి తెలుసు? ఆ పాత నిబంధనల స్థానంలో వచ్చిన 2026 నిబంధనలు ఇంకో అడుగు వేశాయి. ఏప్రిల్ 1 నుంచి చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయమన్నాయి. తడి, పొడి, డైపర్లు ప్యాడ్ల లాంటివి, మందులు బల్బుల లాంటి ప్రత్యేకంగా చూడాల్సినవి. పత్తి చేన్ల గట్ల మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు పారేసే అలవాటున్న ఆదిలాబాద్ రైతులు ఈ నాలుగో రకం సంగతి జాగ్రత్తగా వినాలి. ఆ డబ్బా కడిగి నీళ్లు పట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నిజానికి తక్కువ చెత్తతో బతకడం మన నేలకు కొత్త కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య మాసపు అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు గోదావరి హస్తిన మడుగు దాకా కాలినడకన వెళ్లి జలం తెస్తారు. పూజకు సిరికొండలో కుమ్మరి చేసిన మట్టి కుండలు వాడతారు. అక్కడి ఆచారంలో ఎక్కువగా వాడేది మట్టిలో కలిసే మన్ను, ఆకు, నీళ్లే. ప్లాస్టిక్ సీసాలు, గ్లాసులు తెచ్చేది జాతర చూడటానికి వచ్చే మనమే. వేములవాడలోనూ, కొండగట్టులోనూ అంతే. మన పెళ్లిళ్లలో మోదుగాకు ఇస్తారాకులు పోయి, వెండి రంగు పూసిన కాగితం పళ్లేలు వచ్చాయి. కాగితం గ్లాసు అంటే మంచిదేలే అనుకుంటాం. దాని లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది మట్టిలో కలవదు, తిరిగి కాగితంగా మార్చడమూ కష్టమే. మోదుగ చెట్లకు మన అడవుల్లో కొదవ లేదు. ఆకు కుట్టే చేతులకు పని లేదు.

తగ్గించడానికి చట్టం చేయడం సాధ్యమేనా అని ఎవరైనా అడగవచ్చు. చేసిన రాష్ట్రాలున్నాయి. హిమాచల్ ప్రదేశ్ 1995లోనే మట్టిలో కలవని చెత్త మీద చట్టం తెచ్చింది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఆ రాష్ట్రం తన 2006 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని 2018లో ప్లాస్టిక్‌ను నిషేధించింది. వ్యాపారుల ఒత్తిడితో కొన్ని సడలింపులు ఇచ్చిన మాట నిజమే. అయినా కేంద్రం కంటే నాలుగేళ్లు ముందు నడిచింది.

వీటికంటే తెలివైన పద్ధతి ఇంకోటి ఉంది. నిషేధించడం బదులు వస్తువు తిరిగి వచ్చేలా చేయడం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1971లో సీసాల చట్టం చేసింది. శీతల పానీయం, బీరు కొన్నప్పుడు సీసాకు 5 సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ 5 సెంట్లు తిరిగి ఇస్తారు. 2017లో దాన్ని 10 సెంట్లు చేశారు. ఇప్పుడక్కడ పది రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒక్కటైనా లేని వాడ కరీంనగర్‌లో ఉండదు. ఫోన్ చేసినప్పుడు అడగండి, కొందరైనా ఖాళీ సీసాలు యంత్రంలో వేసి డబ్బులు తెచ్చుకుంటామని చెబుతారు. అంత దూరం ఎందుకనుకుంటే తమిళనాడు ఉంది. నీలగిరి కొండల్లో అడవి జంతువుల కాళ్లకు మద్యం సీసాల పెంకులు గుచ్చుకుంటున్నాయని మద్రాస్ హైకోర్టు జోక్యం చేసుకుంది. 2022 మే నుంచి అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా సీసాలు వెనక్కి వచ్చాయి. తరువాత ఆ పద్ధతిని వేరే జిల్లాలకూ పెంచారు. గోలీసోడా సీసా దుకాణంలోనే ఇచ్చి రావడం, కల్లు సీసా కాంపౌండ్‌లోనే వదిలి రావడం తెలిసిన మన జనానికి ఇదేమీ వింత కాదు.

వీటన్నిటినీ చూశాక మన రాష్ట్ర చట్టాల్లో మూడు మాటలు చేర్చాలని నా అభిప్రాయం.

మొదటిది, సీసాకు పది రూపాయల పద్ధతి. మన రాష్ట్రంలో మద్యం దుకాణాలకు సరుకంతా ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళుతుంది. కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు. చెరువు గట్ల మీద, పొలాల్లో పగిలిన సీసాలు రైతుల కాళ్లకు గుచ్చుకోవడం తగ్గుతుంది. ఏరి తెచ్చే పేదవాడికి పది రూపాయలు దొరుకుతాయి. తరువాత నీళ్ల సీసాలకూ అదే వర్తింపజేయవచ్చు.

రెండోది, విందులకు నియమం. ఫంక్షన్ హాలుకు లైసెన్సు ఇచ్చేటప్పుడే కడిగి వాడుకునే పళ్లేలు, గ్లాసులు ఉండి తీరాలని షరతు పెట్టాలి. పల్లెల్లో పంచాయతీకొక స్టీలు బ్యాంకు ఉండాలి. సిద్దిపేట జిల్లాలో ఈ పని చేసి చూపించారు. పెళ్లికో, కర్మకో ఊరి మహిళా సంఘం దగ్గర గిన్నెలు, పళ్లేలు, గ్లాసులు తక్కువ అద్దెకు తెచ్చుకుని, కడిగి తిరిగి ఇచ్చేస్తారు. సంఘానికి ఆదాయం, ఊరికి శుభ్రం. జాతరల దగ్గర మోదుగాకు పళ్లేలనే అమ్మాలని నియమం పెడితే ఏజెన్సీ ఆడవాళ్లకు పని దొరుకుతుంది.

మూడోది, కాంటా. వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టందే ఒక్క బస్తా కదలదు. మరి ఊరి చెత్తకు ఎందుకు లేదు? ప్రతి పంచాయతీలో, ప్రతి వార్డులో డంపింగ్ యార్డుకు పోయే చెత్తను తూచాలి. ఆ లెక్క పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయాలి. ఏటేటా అది తగ్గిన ఊరికి ఎక్కువ నిధులు ఇవ్వాలి. తూకం లేని పనికి లెక్క ఉండదు, లెక్క లేని పనికి ఎవరూ జవాబు చెప్పరు.

చట్టసభ ఈ మాటలు ఎప్పుడు వింటుందో చెప్పలేం. అందాకా మన చేతిలో ఉన్న చట్టాన్ని మనం వాడుకుందాం. మీ ఊళ్లో వచ్చే గ్రామసభకు వెళ్లండి. కొత్తగా ఎన్నికైన సర్పంచ్‌ను గౌరవంగానే మూడు ప్రశ్నలు అడగండి. పారిశుధ్య స్థాయీ సంఘం వేశారా, అందులో మా వాడ ఆడవాళ్లు ఎవరున్నారు? డంపింగ్ షెడ్డులో ఎరువు తయారవుతోందా, కవర్లు తగలబెడుతున్నారా? మన ఊరికి స్టీలు బ్యాంకు తీర్మానం ఎప్పుడు చేద్దాం? పట్టణాల్లో ఉన్నవాళ్లు వార్డు కమిటీ గురించి అడగండి. జవాబులను తీర్మానాల పుస్తకంలో రాయించండి, రాసే దాకా లేవకండి. ఇంట్లో మాత్రం ఎవరి తీర్మానం కోసమూ ఆగనక్కర్లేదు. రేపు పొద్దున చెత్త బండి వచ్చేసరికి గుమ్మం ముందు కనీసం రెండు బుట్టలు వేరువేరుగా పెట్టండి, అంగడికి పోయేటప్పుడు బట్ట సంచి పట్టుకుపోండి.